దోర్నకల్ తండ్రిగారును దుఃఖపు ఇంటి క్రిస్మసును

ధ్యానభాగము: మత్తయి 2:1–18, లూకా 2:21–38



డిసెంబరు నెల వచ్చినదనగా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలోని మన పల్లె సంఘములకు తీరిక యుండదు. ఒక ప్రక్క వరికోతలు, మరియొక ప్రక్క పత్తి ఏరుట. అయినను ప్రొద్దు గ్రుంకగానే యౌవనస్థులు గుడి దగ్గర చేరి వెదురు బద్దలతో నక్షత్రము కట్టుదురు. స్త్రీలు గుడి గోడలకు సున్నము వేయుదురు. ఏ రాత్రి ఏ వాడకు పాటలు పాడుచు పోవలెనో పెద్దలు కూర్చుండి నిర్ణయింతురు.

అయితే ప్రతి ఊరిలోను ఒకటి రెండు ఇండ్లకు ఆ యేడు నక్షత్రముండదు. ఆ ఇంటిలో ఆ సంవత్సరము మరణము సంభవించి యుండును. ఏడాది తిరుగక మునుపు పండుగ చేయరాదను మాట మన పూర్వుల కాలమునుండి వచ్చినది. బాప్తిస్మము పొంది మూడు నాలుగు తరములైనను అది మనలను విడువలేదు. పాటలు పాడువారు ఆ గడప దగ్గరకు రాగానే డోలు ఆపి, తల వంచుకొని దాటిపోవుదురు. మర్యాద కొరకే అట్లు చేయుదురు గాని నిర్లక్ష్యముచేత కాదు. మేమును ఒక యేడు అట్లే ఒక ఇంటిని దాటిపోతిమి. ఆ ఇంటి ముసలమ్మకు ఎదిగిన కుమారుడు ఆ వానకాలములోనే చనిపోయెను. మరునాడు ఆమె గుడి మెట్ల దగ్గర మమ్మును నిలిపి, అందరి ఇండ్లకు వచ్చిన యేసయ్య మా ఇంటికి మాత్రము ఎందుకు రాలేదయ్యా అని అడిగెను. మేము నోరు మెదపలేకపోతిమి.

ఆ ప్రశ్న చాలాకాలము మమ్మును వెంబడించెను. దానికి జవాబు వెదకుచుండగా మన ప్రాంతమునందే జీవించి, మన మట్టిలోనే నిద్రించుచున్న ఒక దైవజనుని జీవితము మాకు జ్ఞాపకము వచ్చినది. ఆయనే దోర్నకల్ మొదటి బిషప్పు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు. దోర్నకల్ నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. ఆయనను ఎరిగినవారు ఇప్పుడు మనలో బహు కొద్దిమంది. అయినను ముసలివారి నోట తండ్రిగారు అను మాట వినబడినప్పుడు, అది ఆయనను గూర్చినదే.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 సంవత్సరము ఆగస్టు 17వ తేదీన, తమిళదేశపు దక్షిణపు కొనకు చేరువగా, తిరునల్వేలి సీమలోని వెల్లాళన్‌విళై అను చిన్న గ్రామమున పుట్టిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు హిందూ కుటుంబమున పుట్టి, మిషను బడిలో చదువుకొనుచు క్రీస్తును ఎరిగి, తర్వాత ఆ గ్రామ సంఘమునకు గురువైరి. తల్లి ఎల్లెనమ్మగారు కుమారుని కొరకు ఎన్నో యేండ్లు కనిపెట్టి ప్రార్థించినది. అందుచేతనే హన్నా వలె ఆమెయు బిడ్డకు శామ్యూల్ అని పేరుపెట్టి దేవునికి ప్రతిష్ఠించినది.

ఆ బిడ్డ ఇంకను బడిపిల్లవాడై యుండగానే తండ్రి గతించెను. పల్లెటూరి గురువు చనిపోయిన తర్వాత ఆ కుటుంబము గతి ఏమగునో మన పల్లెలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. గురువుగారి ఇల్లు సంఘముదే గాని ఆయనది కాదు. జీతము ఆగినదనగా అన్నియు ఆగును. తల్లియే ఆ పిల్లవానిని వాక్యమునందును ప్రార్థనయందును పెంచినది. ఆ విధముగా, ముందు దినములలో లక్షలమంది నోట తండ్రి అనిపించుకొనబోవు మనుష్యుడు తానే తండ్రిలేని బిడ్డగా పెరిగెను. ఆయన జీవితములో ఈ సంగతిని మేము అన్నిటికంటె ముఖ్యముగా తలంచుచున్నాము. పెద్ద పదవులను గూర్చి వ్రాయువారు దీనిని ఒక్క వాక్యములో దాటిపోవుదురు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా పరీక్షల సమయమున జబ్బుపడి పట్టము పొందలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. సేవలో చేరి దక్షిణదేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి, కట్నము పుచ్చుకొనలేదు. కట్నము కొరకు పొలములమ్ముకొను మన సంఘస్థులు ఈ మాట వద్ద కొంచెము నిలిచినయెడల మంచిది.

1902లో ఆయన సింహళమునందలి యాళ్పాణమునకు పోయినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను పంపుచుండుట చూచిరి. అంతకంటె ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘము ఆ పని చేయకుండుట ఆయన హృదయమును పొడిచినది. మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరిలో, తిరునల్వేలి భారత మిషనరీ సంఘము స్థాపింపబడెను. ధనము మనవారిది, పనివారు మనవారు, నడిపింపు మనవారిది. ఆ సంఘము పనిపొలముగా ఏర్పరచుకొనినది ఎక్కడో దూరదేశము కాదు, నైజాము రాజ్యములోని మన దోర్నకల్ ప్రాంతమే. పిమ్మట వారి పనివారు మానుకోటకును పరకాల వైపునకును వచ్చిరి. నేడు భూపాలపల్లి వైపున దేవుని స్తుతించు కొన్ని కుటుంబములకు సువార్త ఆ త్రోవనే వచ్చినది. జనగామ వైపున అమెరికన్ బాప్తిస్టు మిషనువారు సేవచేసిరి. త్రోవలు వేరైనను నక్షత్రమొకటే గదా.

ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనింపవలెను. 1905 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు దినముననే, శ్రీరాంపురములో విలియం కేరీగారి గ్రంథాలయమందు దేశముయొక్క నానా భాగములనుండి వచ్చిన క్రైస్తవులు కొందరు కూడి జాతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. అజరయ్యగారు వారిలో ఒకరు, దాని కార్యదర్శియును అయిరి. పండుగ దినమున ఇంటియొద్ద నుండక వంగదేశములో నుండిరి. అప్పటినుండి ఆయన జీవితములోని పెద్ద మలుపులు అనేకములు ఈ క్రిస్మసు కాలములోనే వచ్చినవి. దానిని యాదృచ్ఛికమనువారు అనవచ్చును.

ఇతరులను పంపుచు తాను నిలిచిపోవుట ఆయన మనస్సాక్షికి ఒప్పలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, ముప్పదియైదేండ్ల ప్రాయమున, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి. మద్రాసులో పేరు గడించినవాడు, గొప్పవారితో కూర్చుండువాడు, ఒక రైలు కూడలిప్రక్కనున్న చిన్న ఊరికి వచ్చి మన భాషను ఓనమాలనుండి నేర్చుకొనెను. ఎండ, జ్వరము, పరాయి భాష, తల్లిదేశమునకు ఎన్నో దినముల దూరము. అన్బు అమ్మగారు ఆ ఊరి స్త్రీల మధ్య చేసిన పని ఎవరును పూర్తిగా వ్రాసి పెట్టలేదు. అది మన సంఘచరిత్రలో ఒక లోటని మా అభిప్రాయము.

1910లో ఎడింబరో నగరమున జరిగిన లోక మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల యెదుట నిలిచి, మీరు ఆస్తిని ఇచ్చితిరి, ప్రాణమును ఇచ్చితిరి, మాకు ప్రేమ కావలెను, స్నేహితులు కావలెను అను భావముతో మాటలాడెను. కొందరికి కోపము వచ్చినది. కాని ఆ మాట నేటికిని మరువబడలేదు.

1912 వచ్చినది. అజరయ్యగారిని బిషప్పుగా చేయవలెనని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుపట్టి యుండిరి. భారతీయుడు బిషప్పగుటకు తగడని తెల్లవారిలో కొందరును, మనవారిలో సైతము కొందరును ఎదిరించిరి. అట్టి దినములలో ఆయనకు మరియొక దెబ్బ తగిలెను. ఆయనకు యౌవనకాలమునుండి జ్యేష్ఠ సహోదరునివలె నుండి, తిరునల్వేలి మిషనరీ సంఘ స్థాపనలో చేయూతనిచ్చిన థామస్ వాకర్‌గారు ఆ యేడు ఆగస్టులో బందరునకు కూటములకై వచ్చి, ఆకస్మికముగా జబ్బుపడి అక్కడనే ప్రాణము విడిచిరి. పక్క నిలువవలసినవాడు నాలుగు నెలల ముందే పోయెను. బాల్యములో తండ్రిని, ఇప్పుడు ఈ పెద్దన్నను పోగొట్టుకొనిన అజరయ్యగారు ఆ డిసెంబరు 29వ తేదీ ఆదివారమున కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో మోకరించి, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిరి.

ఆ తేదీ క్రిస్మసు గడచిన నాలుగవ దినము. దానికి ముందటి దినమైన డిసెంబరు 28ని సంఘ పంచాంగము నిరపరాధ శిశువుల దినముగా ఏర్పరచినది. బేత్లెహేములో హేరోదు చంపించిన పిల్లలను ఆ దినమున జ్ఞాపకము చేయుదురు. క్రిస్మసు అనగానే మనకు గొఱ్ఱెల కాపరులు, జ్ఞానులు, దేవదూతల పాట జ్ఞాపకము వచ్చును. కాని మత్తయి రెండవ అధ్యాయము జ్ఞానుల కానుకలతో ఆగలేదు. రాత్రివేళ బిడ్డను ఎత్తుకొని పారిపోవుచున్న తలిదండ్రులు, ఖాళీ ఊయెలలు, ఓదార్పు పొందనొల్లక ఏడ్చుచున్న రాహేలు ఆ అధ్యాయములోనే యున్నారు. ఈ ఏడ్పును సువార్తికుడు దాచిపెట్టలేదు. పండుగ కథ చెడిపోవునని భయపడలేదు. మనమైతే నాటకము ఆడించునప్పుడు ఆ భాగమును విడిచిపెట్టుదుము. పిల్లలు జడిసెదరని అందుము గాని, నిజమునకు పెద్దలమే జడియుచున్నాము.

దోర్నకల్ సంఘములు ఆ రాహేలు ఏడ్పును బాగుగ ఎరిగినవి. తండ్రిగారి యొద్దకు వచ్చినవారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెల బీదవారు, దొరల ఇండ్లలో వెట్టిచాకిరి చేయువారు. బాప్తిస్మము పొందినందున అయినవారే దూరమైనవారు వారిలో కలరు. కలరా వచ్చినప్పుడు పల్లెకు పల్లె తుడిచిపెట్టుకొని పోయెడిది. 1918లో ప్రపంచమంతట వ్యాపించిన విషజ్వరమునకు మన దేశములో కోటిమందికి పైగా చనిపోయిరి. అట్టి కాలములో ఆ బీద సంఘములకు కావలసినది గొప్ప ప్రభువు కాదు, ఇంటి పెద్ద. అజరయ్యగారు ఎడ్లబండి కట్టుకొని ఊరూరు తిరిగిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని నాలుగు దయ్యములవలె ఎంచి వాటితో పోరాడుడని చెప్పిరి. కొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ తలపై తమ చేయి పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమ అనియు (1 కొరింథీ 9:16) ఒప్పుకొనునట్లు చేసిరి. వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల పిడికెడు దేవునికి తీసిపెట్టు అలవాటును ప్రోత్సహించిరి. మాలలు మాదిగలు ఒకే బల్లయొద్ద ఒకే పాత్రలోనిది పుచ్చుకొనవలెనని పట్టుపట్టిరి. ఈ విషయములో ఆయన చాల కఠినుడనిపించుకొనెను. తప్పుచేసినవారిని శిక్షలో పెట్టుటకు వెనుదీయలేదు. కొందరు నొచ్చుకొనిరి. తండ్రి అన్నప్పుడు అదియు కొంత యుండును.

1912లో బహు చిన్నదిగా మొదలైన ఆ అధ్యక్షఖండము పిమ్మట కృష్ణాతీరపు సంఘములను కూడ కలుపుకొని విస్తరించెను. 1935 నాటికి సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామోపదేశకులు దానిలో పనిచేయుచుండిరి. విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

దోర్నకల్ దేవాలయమును చూడనివారు ఒకసారి పోయి చూడవలెను. మెదకు దేవాలయము 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడినది; దాని ఎత్తు, దాని రంగుటద్దములు దేశమంతట ప్రసిద్ధము. దోర్నకల్ వారి గుడి వేరు విధము. అందులో మన గుడి మంటపముల స్తంభములవంటి స్తంభములున్నవి, మసీదుల గుమ్మటములవంటి గుమ్మటములున్నవి, తామర పువ్వు కలదు, అన్నిటిపైన సిలువ కలదు. ఈ దేశములో పుట్టినవాడు తన ఇంటికి వచ్చినట్లుగా దేవుని ఇంటికి రావలెనని తండ్రిగారి కోరిక. కట్టుటకు ఎన్నో సంవత్సరములు పట్టినది. ధనము లేక పని ఆగి ఆగి సాగెను. 1939 జనవరి 6వ తేదీన, జ్ఞానులు బాలుని కనుగొనినందుకు జ్ఞాపకమైన ప్రత్యక్షత పండుగనాడు, ఆ గుడి ప్రతిష్ఠింపబడి ఆ పండుగ పేరే పొందినది. ఈ మహోత్సవమును చూడకుండ పోయిన ఆప్తులు కొందరు కలరు. మద్రాసులో కలిసి చదివి, జాతీయ మిషనరీ సంఘములో జతపనివాడైన కె.టి. పాల్‌గారు 1931లోనే మరణించియుండిరి.

1944 డిసెంబరు వచ్చినది. ప్రపంచ యుద్ధము ఇంకను ముగియలేదు. తండ్రిగారికి డెబ్బదియేండ్లు నిండినవి. సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన పని చివరి దశలో నుండెను. ఆ సంవత్సరము క్రిస్మసు సోమవారమున పడినది. మరుసటి సోమవారము, 1945 జనవరి 1వ తేదీన, జ్వరపీడితుడైన అజరయ్యగారు దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి.

పల్లెలకు ఆ వార్త చేరిన విధమును తలంచుడి. గుమ్మములకు కట్టిన నక్షత్రములు ఇంకను దింపలేదు. సంఘ పంచాంగములో క్రిస్మసు ఒక దినము కాదు. ప్రత్యక్షత పండుగ వరకు పండ్రెండు దినములు. ఆ పండ్రెండింటి నడుమ ఎనిమిదవ దినమున దోర్నకల్ కుటుంబమంతయు తండ్రిలేని పిల్లలైరి. లూకా సువార్త ప్రకారము ఎనిమిదవ దినము శిశువునకు యేసు అని పేరు పెట్టిన దినము. ఆ పేరునకు రక్షకుడని అర్థము. మరణము లేని లోకములోనికి రక్షకుడెందుకు? ఏ ఇంటిలో చావు వచ్చెనో ఆ ఇంటికే ఆ పేరు కావలెను. పాట పాడువారు ఏ గడపను దాటిపోవుచున్నారో, పేరుగల ఆ బాలుడు ముందుగా ఆగినది ఆ గడపయొద్దనే.

అదే అధ్యాయమును కొంచెము ముందుకు చదివినయెడల, దేవాలయములో బాలుని ఎదుర్కొనినవారు ఎవరో తెలియును. ఒకడు మరణము కొరకు కనిపెట్టుచున్న వృద్ధుడైన సుమెయోను. మరియొకతె అన్న అను ప్రవక్త్రి; పెనిమిటితో ఏడేండ్లు మాత్రమే కాపురము చేసి, 84 ఏండ్ల వయస్సు వరకు విధవరాలుగా నుండినది. సుమెయోను బాలుని ఎత్తుకొని దేవుని స్తుతించెను, ఆ వెంటనే తల్లి హృదయములోనికి ఖడ్గము దూసికొనిపోవునని చెప్పెను. స్తుతియు ఖడ్గమును ఒకే నోట వచ్చినవి. విధవరాలు పండుగకు దూరముగా నుండలేదు. యెరూషలేములో ఆ శిశువును గూర్చి అందరితో మాటలాడినది ఆమెయే.

తండ్రిగారిని దేవాలయపు ఆవరణమందే సమాధి చేసిరి. అయిదు దినములకు ప్రత్యక్షత పండుగ, ఆ గుడి ప్రతిష్ఠింపబడి ఆరేండ్లు నిండిన దినము. సమాధి మట్టి ఇంకను పచ్చిగానే యుండగా ఆ పండుగ వచ్చినది. సహాయ బిషప్పుగా నుండిన ఇలియట్‌గారు పిమ్మట ఆయన స్థానమున నియమింపబడిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, దాని కొరకు పాతికేండ్లకు పైగా పాటుపడిన అజరయ్యగారు అక్కడ లేరు.

మా ముసలమ్మ సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. ఆమె అడిగిన ప్రశ్నకు మాటతో జవాబు చెప్పలేకపోయినను, ఆ యేడే డిసెంబరు 28వ తేదీ సాయంకాలమున మేము అయిదారుగురము డోలు లేకుండ, దీపము ఒకటి పట్టుకొని, ఆమె ఇంటికి పోతిమి. కోడలు చాప పరచినది. మత్తయి రెండవ అధ్యాయము పదునెనిమిదవ వచనము వరకు చదివితిమి. రాహేలు మాట వచ్చినప్పుడు ఆమె ఏడ్చినది. మేము చదువుట ఆపలేదు. తర్వాత మెల్లగా ఒక పాట పాడితిమి, ఆమెయు గొంతు కలిపినది. లేచి వచ్చునప్పుడు ఆమె లోపలికి పోయి ఒక చిన్న కుండ తెచ్చి మా యెదుట పెట్టినది. కుమారుడు పోయిన దినమునుండి ఇంటిలో పొయ్యి వెలిగించిన ప్రతి పూట తీసిపెట్టిన పిడికెడు బియ్యము అందులో ఉన్నవి. గుడికి తేవలెననుకొనినదట, అయితే దుఃఖపు ఇంటి బియ్యము పండుగకు పుచ్చుకొందురో లేదో అని ఊరకున్నదట. మేము ఆ కుండను తీసికొనిపోయి, ఆదివారమున బల్లయొద్ద కానుకల నడుమ పెట్టితిమి.